ఇరుసులోని నూనె

కృష్ణా పశ్చిమ డెల్టా అంచున, చీరాల నుండి పర్చూరునకు పోవు దారిలో, కారంచేడు అను పెద్ద గ్రామము కలదు. పూర్వమిది గుంటూరు జిల్లాలో నుండెను. 1970లో ప్రకాశము జిల్లాలోనికిని, 2022లో బాపట్ల జిల్లాలోనికిని చేరినది. ఊరి చుట్టును నల్లరేగడి నేలలు. వేసవిలో ఆ నేల బీటలు వారి, బండ్ల రాకపోకలకు పొడియై, మెత్తని దుమ్ముగా లేచును. వానలు పడగనే ఆ దుమ్మే జిగట బురదయై చక్రములను పట్టి వదలదు. ఎడ్లబండికైనను మోటారుకారునకైనను అట్టి దారిలో మొదట కష్టము కలుగునది ఇరుసునకే.

పూర్వము ఎడ్లబండి క్రింద ఒక గొట్టము వ్రేలాడుచుండెడిది. అదియే కందెన గొట్టము. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో మెదిపి చేసిన కందెన అందులో నుండును. దూరప్రయాణమునకు ముందు బండివాడు చీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసు కొనకు ఆ కందెనను దట్టముగా పూసెడివాడు. బండి ఇరుసు కదలదు. చక్రము దాని చుట్టును తిరుగును. ఆ రెంటి నడుమ రాపిడిని తగ్గించుటకే ఈ పూత. బండి సాగినకొలదిని కందెన వెలుపలికి జారి, చక్రము నడుమ నల్లని వలయముగా ఏర్పడును. దానిని చూచి ఎవరును చింతింపరు. పైపెచ్చు, ఆ వలయము లేని చక్రము కిర్రుమనుచు పోవుచుండగా విన్న పెద్దలు, బండివాడు సోమరియని తలంచెడివారు.

మోటారుకారు వెనుక చక్రమునకు లోపలివైపున అట్టి నల్లని మరకయే కనబడినచో, ఆ కారు నడుపువాడు వెంటనే జాగ్రత్త పడవలెను. నూనె ఇరుసు లోపల నున్నంతవరకు మేలు చేయును. అదే నూనె ఒక బెత్తెడు దూరము జరిగి చక్రములోనికి వచ్చినచో ప్రాణములకే ముప్పు తెచ్చును. ఒకే పదార్థము రెండు తావులలో ఇట్లు రెండు విధములుగా నుండుటకు కారణము తెలియవలెనన్న, కారు వెనుక ఇరుసు నిర్మాణమును కొంత ఎరుగవలెను.

పాతకార్లన్నిటిలోను తెలుగువారికి చిరపరిచితమైనది అంబాసిడరు. బెంగాలు రాష్ట్రమందలి ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సు సంస్థ 1957 నుండి 2014 వరకు దానిని నిర్మించెను. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దానికి మాతృక. ఒకప్పుడు పెండ్లివారికిని, వైద్యులకును, ప్రభుత్వోద్యోగులకును అదియే వాహనము. కాలము మారినది. ఇప్పుడు 1960లనాటి అంబాసిడరు పురాతన వాహనములలో చేరినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాబది సంవత్సరములు దాటి, తొలిరూపమును కోల్పోని బండ్లను పురాతన వాహనములుగా గుర్తించుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములను ప్రకటించెను. ఆ విధముగా నమోదైన బండ్లను నిత్యము వాడుకొనరాదు. ప్రదర్శనలకు, పురాతన వాహనముల ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనము పోయించుకొనుటకు మాత్రము బాటపైకి తీసికొనిపోవచ్చును. హైదరాబాదునందలి చౌమహల్లా ప్రాసాదములో 1912నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి కలదు. అది నిజాముల సొత్తు. కాని అట్టి రాజవాహనములకు సేవకులు పెక్కుమంది యుందురు. పల్లెలో పాకలో నిలిచియున్న పాత అంబాసిడరుకు దిక్కు దాని యజమానియు, ఊరి మెకానిక్కును మాత్రమే.

కారంచేడులో ఒక ఇంటి పాకలో అట్టి కారొకటి యున్నదనుకొనవచ్చును. అది నెలల తరబడి కదలకుండ నిలిచియుండెను. ఇంట శుభకార్యము వచ్చినది. కారును కడిగి తుడిచి, చీరాలకు పోయి వచ్చిరి. మరునాటి ఉదయమున ఎడమవైపు వెనుక చక్రము క్రింద నేలపై అరచేతియంత నల్లని మరక కనబడినది. టైరు లోపలి చెక్కిలిపై నూనె చారలు, వాటిపై అంటుకొన్న దుమ్ము. ఇదియే సాధారణముగా రోగము బయటపడు తీరు.

ఎడ్లబండి ఇరుసు ఒకే కమ్మి. కారు వెనుక ఇరుసు అట్టిది కాదు. అది నడుమ ఉబ్బిన ఉక్కు గొట్టము. గొట్టము లోపల కుడిచక్రమునకొకటి, ఎడమచక్రమునకొకటి, రెండు కమ్ములు తిరుగుచుండును. నడిమి ఉబ్బులో పళ్లచక్రములు కలవు. ఇంజను శక్తి పొడవైన కమ్మిద్వారా వెనుకకు వచ్చి, చిన్న పళ్లచక్రమును త్రిప్పును. దీనిని పినియను అందురు. పినియను తనకంటె ఎంతో పెద్దదియైన క్రౌను చక్రమును త్రిప్పును. ఆ క్రౌను చక్రమును అంటిపెట్టుకొని డిఫరెన్షియలు అను మరియొక చిన్న పళ్లచక్రముల కూటమి యుండును.

ఈ కూటమితో ఏమి పని? ఎడ్లబండి చక్రములు రెండును దేనికది స్వేచ్ఛగా తిరుగును గనుక మలుపులో వాటికి చిక్కులేదు. కారునందు ఇంజనే రెండు చక్రములను త్రిప్పవలెను. మలుపున వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవును. వెనుక చక్రముల నడిమి ఎడము 135 సెంటీమీటర్లనుకొని, కారు నాలుగవ వంతు వృత్తము తిరిగినదనుకొన్నచో, వెలుపలి చక్రము లోపలిదానికంటె 2 మీటర్లకు పైగా అధికముగా నడువవలసియుండును. వృత్తపరిధిని లెక్కించుట నేర్చిన విద్యార్థులు దీనిని తామే సరిచూచుకొనవచ్చును. రెంటిని ఒకే కమ్మికి బిగించినచో ఏదో యొక టైరు నేలపై ఈడ్చుకొనిపోవలసినదే. డిఫరెన్షియలు ఆ భేదమును సర్దుకొనుచు రెండు చక్రములకును శక్తిని పంచును. పెక్కర్ అను ఫ్రెంచి ఇంజనీరు 1820లలోనే ఆవిరిబండి కొరకు దీనిని కల్పించెను. అప్పటికి పెట్రోలు కారు పుట్టనేలేదు.

ఈ పళ్లచక్రములు మునిగి తిరుగుటకు ఇరుసు నడిమి ఉబ్బులో నూనె పోయుదురు. మెకానిక్కులు దీనిని గేరాయిలు అనియు, చిక్కదనమునుబట్టి తొంబది నెంబరు నూనె యనియు అందురు. అంబాసిడరువంటి కార్లలో పినియను క్రౌను చక్రపు నడిమి రేఖకు సూటిగా కాక, కొంచెము క్రిందుగా అమర్చబడియుండును. అందువలన పళ్లు ఒకదానిపై నొకటి దొర్లుటయే గాక జారుచు రాపాడును. మామూలు నూనె ఆ ఒత్తిడికి ఓర్వలేక పళ్ల నడుమనుండి తొలగిపోవును. గంధకపు సమ్మేళనములు కలిపిన గేరాయిలు మాత్రమే ఉక్కుపై పొరగా నిలిచి పళ్లను కాపాడును. ఆ నూనెకు గల ఘాటైన వాసన ఈ గంధకమువలన వచ్చినదే. ఆ వాసనతో తరువాత పని కలదు.

కారు ఇరుసులో ఒకటి, ఒకటిన్నర లీటర్ల నడుమ నూనె పట్టును. నిమిషమునకొక బొట్టు చొప్పున కారినను దినమునకు డెబ్బది మిల్లీలీటర్లగును. అదే తీరున కారుచు పోయినచో పది దినములలో సగము నూనె పోవును. నూనె తగ్గినకొలదిని పళ్లు వేడెక్కి, మొదట సన్నగా కూయును, పిదప అరగును, తుదకు విరుగును. ఇది ధననష్టము. చక్రమువైపు కారిన నూనె తెచ్చు నష్టము ఇంతకంటె ఘోరమైనది.

వెనుక చక్రములోపల గుండ్రని ఇనుప డ్రమ్ము కలదు. అందులో నెలవంకవంటి రెండు బ్రేకు షూలు, వాటిపై లైనింగు అను గరుకైన అట్టలు ఉండును. పాదముతో బ్రేకు త్రొక్కినప్పుడు షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒత్తి, రాపిడిచే చక్రమును ఆపును. రాపిడియే బ్రేకునకు ప్రాణము. రాపిడిని చంపుటయే నూనె పని. ఇరుసునందు ఏ గుణము కొరకు నూనెను పోసితిమో, బ్రేకునందు ఆ గుణమే విషమగును. ఎడమవైపు లైనింగు నూనెతో తడిసి, కుడివైపుది పొడిగా నున్నదనుకొనుడు. కాలువగట్టుపై పోవుచున్న కారునకు ఎదురుగా లారి వచ్చినది. నడుపువాడు బ్రేకు గట్టిగా త్రొక్కెను. కుడిచక్రము ఆగును, ఎడమచక్రము ఆగదు. కారు తిన్నగా నిలువక ఒక ప్రక్కకు లాగుకొనిపోవును. అటువైపు లారియున్నదో, కాలువయున్నదో బ్రేకునకు తెలియదు. చక్రము క్రింది అరచేతియంత మరకను అలక్ష్యము చేయరాదనుట ఇందులకే.

తిరుగుచున్న కమ్మి చుట్టును నూనె వెలికి రాకుండ ఆపుట తేలికయైన పని కాదు. బిగువుగా పట్టినచో కమ్మి తిరుగదు. వదులుగా నున్నచో నూనె ఆగదు. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు వెనుక చక్రము నిమిషమునకు ఇంచుమించు 500 మార్లు తిరుగును. పినియను కమ్మి అంతకు నాలుగు రెట్లకు పైగా, అనగా నిమిషమునకు రెండువేల మార్లకు మించి తిరుగును. అంత వేగముతో తిరుగు ఉక్కును తాకియు తాకనట్లు పట్టియుండి, నూనెను లోపలను, దుమ్మును వెలుపలను ఉంచునట్టి వస్తువు కావలెను. తొలినాటి కార్లలో ఉన్నితో చేసిన మందమైన కంబళి వలయమునో, తోలు వలయమునో వాడిరి. సైకిలు పంపులో నూనెతో తడిపిన తోలు గిన్నె గాలిని ఎట్లు ఆపునో విద్యార్థులు చూచియే యుందురు. తోలు సీలు పనిచేయు తీరును ఇంచుమించు అట్టిదే. జర్మనీలో వైన్‌హైము పట్టణమున తోళ్లు శుద్ధిచేయు ఫ్రాయిడెన్‌బర్గు సంస్థయందు వాల్టర్ సిమ్మర్ అను ఇంజనీరు 1929లో ఇనుప కట్టులో తోలు పెదవిని అమర్చి మంచి సీలును రూపొందించెను. కొన్ని సంవత్సరములకే తోలు స్థానమున కృత్రిమ రబ్బరు వచ్చెను. తోలు శాస్త్రములో లోకప్రసిద్ధి గాంచి, మద్రాసునందలి కేంద్ర తోలు పరిశోధన సంస్థకు అధిపతియైన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతమందలి యలవర్రులో 1922లో జన్మించినవాడే. ఆయన తోళ్లను గూర్చి పరిశోధించుచున్న కాలమునకే కార్ల ఇరుసులలో తోలు పని క్రమముగా ముగియుచుండెను.

నేటి ఆయిల్ సీలు ఒక ఇనుప కట్టు, దాని నడుమ రబ్బరు పెదవి, ఆ పెదవిని కమ్మిపై మెల్లగా ఒత్తిపెట్టు సన్నని తీగ స్ప్రింగు – ఇంతే. పెదవికిని ఉక్కునకును నడుమ వెంట్రుక మందములో పదవ వంతైనను లేని నూనెపొర నిలుచును. ఆ పొర పెదవిని కాల్చకుండ కాపాడును. పెదవి ఆ పొరను దాటి నూనెను పోనీయదు. కారు నెలల తరబడి కదలకున్నచో పైనున్న పెదవి ఎండి గట్టిపడును. కనుకనే ముద్దుగా దాచుకొన్న కారు, దినదినము తిరుగు కారుకంటె ఎక్కువగా కారుచుండుట కద్దు.

నూనె కారగనే సీలు పోయినదని నిశ్చయించుకొని చక్రమును ఊడదీయుట చాలమంది చేయు పొరపాటు. క్రొత్త సీలు వేయుదురు. పదునైదు దినములకు మరల కారును. సీలు నాసిరకమని అంగడివానిని నిందింతురు. నిజమైన దోషము వేరొకచోట నుండవచ్చును. అది ఇరుసుపై నున్న సూదిబెజ్జమంత రంధ్రము.

ఇరుసు గొట్టముపై భాగమున బ్రీదరు అను చిన్న మర కలదు. అది ఇరుసునకు ముక్కువంటిది. కారు నడచినకొలదిని లోపలి నూనెయు గాలియు వేడెక్కును. ఉదయము 30 డిగ్రీల వేడిమిగల గాలి ప్రయాణములో 80 డిగ్రీలకు చేరినదనుకొన్నచో, మూసిన పాత్రలో దాని ఒత్తిడి ఇంచుమించు ఆరవ వంతు పెరుగును. వాయుమండలపు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము గనుక, ఈ అధికపు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 160 గ్రాములకు పైగా అగును. బ్రీదరు తెరచియున్నచో ఆ గాలి మెల్లగా వెలికిపోవును. అది మూసుకొన్నచో, గాలి తనకు దొరికిన మెత్తని దారిని వెదకును. ఉక్కు ఇరుసులో మెత్తని దారి సీలు పెదవియే. గాలి నూనెను త్రోసికొని అక్కడనుండి వెలువడును. రేగడి దుమ్ము నూనె తేమతో కలసి ఎండినచో ఇటుకవలె గట్టిపడును. బ్రీదరు బెజ్జము మూసుకొనిపోవుటకు ఒక వానకాలము చాలును. మరమ్మతులో మొదట చూడవలసినది దీనినే. దానిని ఊడదీసి, కిరసనాయిలులో నానబెట్టి, సన్నని తీగతో పొడిచి, నోటితో ఊదినచో గాలి ఆడవలెను. పైసా ఖర్చులేని ఈ పనితోనే చాల కార్లు బాగుపడినవి.

రెండవది నూనె మట్టము. ఇరుసు ఉబ్బుకు ప్రక్కగానో వెనుకగానో నూనె పోయు బిరడా కలదు. కారును సమతలమున నిలిపి ఆ బిరడా తీసినప్పుడు నూనె రంధ్రపు అంచు వరకే ఉండవలెను. ఎక్కువ పోసినచో మేలని తలంచువారున్నారు. అధికమైన నూనె పళ్లచక్రముల వేగమునకు ఎగసి, గొట్టముల వెంబడి చక్రములవైపు పరుగెత్తును. నూనె మజ్జిగవలె తెల్లబారియున్నచో నీరు చేరినదని గ్రహించి, మొత్తము మార్చవలెను. వేడిగా నున్న ఇరుసు కాలువ నీటిలో దిగినప్పుడు లోపలి గాలి చల్లబడి ముడుచుకొని నీటిని లోనికి పీల్చుకొనును.

ఈ రెండును సరిగా నుండియు నూనె కారుచున్నచో, అది ఎక్కడనుండి వచ్చుచున్నదో కనుగొనవలెను. ఇందులకు అనుభవజ్ఞులు చేయు ఉపాయము చక్కనిది. ఇరుసునంతటిని కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత ముఖమునకు పూయు పౌడరునో, ముగ్గుపిండినో పలుచగా చల్లుదురు. కారును చీరాల వరకు నడిపి తెచ్చి క్రిందికి వంగి చూచినచో, తెల్లని పొడిమీద నల్లని చార మొదలైన చోటు స్పష్టముగా కనబడును. అది పినియను మెడవద్ద కావచ్చును, ఉబ్బును మూసిన ప్యాకింగు అంచున కావచ్చును, చక్రమువద్ద కావచ్చును. చక్రమువద్ద తడి గేరాయిలు కాక బ్రేకు నూనెయు కావచ్చును. వ్రేలికి రాచి చూచినచో బ్రేకు నూనె పలుచనిది. గేరాయిలు చిక్కనిది, గంధకపు ఘాటు గలది. వాసన చూచుటకు ఒక్క క్షణము పట్టును. అది చూడక ఇరుసంతయు విప్పి, చివరకు దోషము బ్రేకు సిలిండరులో నున్నదని తెలిసికొన్నవారు లేకపోలేదు.

చక్రమువద్ద సీలు మార్చవలసివచ్చినప్పుడు కారును సమతలమున నిలిపి, ముందు చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టి, వెనుకభాగమును జాకీతో ఎత్తుదురు. ఎత్తిన వెంటనే ఇరుసు క్రింద గట్టి ఆధారపు దిమ్మలను నిలుపవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. జాకీ యొక్కదానినే నమ్మి కారు క్రింద దూరుట ఎంతటి నేర్పరికిని తగదు. పిల్లలు ఈ పనిని దూరమునుండి చూడవలసినదే.

చక్రమును, డ్రమ్మును తీయగనే లోపల నల్లని ధూళి కనబడును. దానిని ఊదరాదు. పాతకాలపు లైనింగులలో రాతినార కలిసియుండును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల తరువాతనైనను ప్రాణాంతకమైన వ్యాధులు కలుగును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను. పూర్వపు మెకానిక్కులు తెలియక గాలిపంపుతో ఊదెడివారు.

తరువాత ఇరుసు కమ్మి అంచున గల మరలు విప్పి కమ్మిని వెలికి లాగుదురు. హబ్బును పట్టియుంచు పెద్ద నట్టును విప్పునప్పుడు ఒక మెలకువ కావలెను. కొన్ని కార్లలో ఒక ప్రక్క నట్టు కుడివైపునకు, మరియొక ప్రక్క నట్టు ఎడమవైపునకు విప్పబడును. తెలియక బలమంతయు ఉపయోగించినచో విప్పుటకు బదులు బిగించినట్లగును. హబ్బును సుత్తితో బాదక, పుల్లరు అను పనిముట్టుతో నెమ్మదిగా లాగవలెను.

ఇప్పుడు పాతసీలు కనబడును. దానిని తీయుటకు ముందు పెదవి ఎటువైపు తిరిగియున్నదో చూచి గుర్తుంచుకొనవలెను. పెదవి ఎల్లప్పుడు నూనెవైపే తిరిగియుండును. నూనె ఒత్తిడి పెదవిని కమ్మికి మరింత అదుమును. తలక్రిందుగా అమర్చినచో అదే నూనె పెదవిని ఎత్తి వెలికి వచ్చును. ఎంత ఖరీదైన సీలైనను గంటసేపు పనిచేయదు.

సీలును తీసిన తరువాత అది ఒరసిన ఉక్కు తలమును గోటితో గీచి చూడవలెను. ఇది ఈ మరమ్మతుకంతటికిని కీలకము. ఏండ్ల తరబడి పెదవి ఒకేచోట ఒరయుటచే ఉక్కుపై సన్నని గాడి పడియుండవచ్చును. మెత్తని రబ్బరు గట్టి ఉక్కును అరగదీయునా యని సందేహము కలుగును. అరగదీయునది రబ్బరు కాదు, దానియందు ఇరుకుకొన్న దుమ్ము. కారంచేడు దారుల దుమ్ము ఆకురాయి వంటిది. గోరు ఆ గాడిలో తట్టుకొన్నచో, క్రొత్త సీలు వేసినను ప్రయోజనముండదు. అప్పుడు గాడిపై పలుచని ఉక్కు తొడుగును ఎక్కించవలెను. తొడుగు దొరకనిచో, విజయవాడ ఆటోనగరువంటి చోట్ల లేతు పనివారు అరిగిన చోట లోహమును పోసి, మరల తరిణె పట్టి, నునుపు చేసి యిత్తురు. పాతకార్ల విడిభాగములు దొరకని ఈ దినములలో అట్టి పనివారి చేతినేర్పే ఆ కార్లకు ఆయువు. గాడి లేక, త్రుప్పు మచ్చలు మాత్రమే యున్నచో, మిక్కిలి సన్నని ఎమరీ కాగితముతో కమ్మి చుట్టును రుద్దినచో చాలును.

బేరింగును గూడ పరీక్షింపవలెను. అది అరిగినచో చక్రము ఊగును. చక్రముతోబాటు కమ్మియు ఊగును. ఊగుచున్న కమ్మిని పెదవి వెన్నాడలేదు. వెన్నాడలేనిచోట సందు ఏర్పడును. సందున నూనె దారి తీయును. పాతబేరింగు నుంచి క్రొత్తసీలు వేయుట అర్ధరూపాయి మిగిల్చి పదిరూపాయలు పోగొట్టుకొనుటవంటిది.

క్రొత్తసీలు పెదవికి నూనె పూసి, కొయ్యదిమ్మను అడ్డుపెట్టి, నలువైపుల సమముగా మెల్లగా తట్టుచు గూటిలో దించవలెను. ఒక ప్రక్క దిగి వేరొక ప్రక్క లేచినచో ఇనుపకట్టు వంగిపోవును. కమ్మి అంచున గల కాగితపు ప్యాకింగును తప్పక క్రొత్తదానిని వేయవలెను. నూనె కమ్మి వెంబడి పాకి ఈ సందునుండియు కారుట కలదు; పెక్కుమంది దీనిని మరతురు.

నూనెలో తడిసిన బ్రేకు లైనింగుల విషయమున మొహమాటము పనికిరాదు. వాటిని పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, లేదా మంటపై కాచి మరల వేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. లైనింగు దూదివలె నూనెను పీల్చుకొనును. పైకి పొడిగా కనబడినను, బ్రేకు వేడెక్కినప్పుడు లోపలి నూనె మరల ఉబికి వచ్చును. తడిసిన లైనింగులను పారవేయవలసినదే. ఎడమవైపుది మాత్రమే తడిసినను, కుడివైపున గూడ క్రొత్తవి వేయుదురు. రెండువైపుల పట్టు సమానముగా నుండుటకు వేరొక మార్గము లేదు.

పినియను మెడవద్ద కారుచున్నచో పని ఇంకను సున్నితమైనది. అచటి నట్టు సీలును పట్టియుంచుటకు మాత్రమే కాదు. పినియను బేరింగులపై ఎంత బిగువు ఉండవలెనో దానిని నిర్ణయించునదియు అదియే. దానిని విప్పునప్పుడు కమ్మికిని నట్టునకును కలిపి గీత గీచి, మరల అదే గుర్తునకు తేవలెను. అధికముగా బిగించినచో బేరింగులు కాలును. వదులుగా నుంచినచో పళ్లు కూయును. దీనిని చక్కగా నేర్చిన మెకానిక్కుకే అప్పగించుట యుక్తము.

అన్నియు బిగించిన పిమ్మట బిరడా అంచు వరకు క్రొత్త గేరాయిలు పోయుదురు. పాతనూనెను డబ్బాలోనికి పట్టి, పాతనూనె కొనువారికి ఇయ్యవలెను. కాలువలో పారబోసినచో ఆ నీరు త్రాగు పశువులకును, పారు పొలములకును కీడు కలుగును. ఇరుసుపై మరల ముగ్గుపిండి చల్లి, మొదట ఊరివెలుపల మెల్లగా బ్రేకు పరీక్షించి, కారు ఎటును లాగుకొనకున్నచో చీరాల వరకు నడిపి తెత్తురు. చక్రములవద్ద పొడి తెల్లగనే యుండవలెను. తోలు సీళ్లుగల మిక్కిలి పాతకార్లలో పినియను మెడవద్ద సన్నని చెమ్మ పట్టియుండును. తోలు తడిగా నున్నప్పుడే పనిచేయును గనుక దానిని ఆపుటకు యత్నింపనక్కరలేదు. ఆ చెమ్మ బొట్టుకట్టి నేలపై పడనంతవరకు, వారమునకొకమారు బిరడా తీసి మట్టము చూచుకొన్నచో చాలును.